కట్ట తెగిన నాటకం

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న నాటక సమాజం ఉండేది. ఆ అడవికి రాజు పెద్దపులి. మృగరాజంటే సింహం కదా అని మీకు అనుమానం రావచ్చు. ఆ అడవిలో సింహాలు లేవు. ఎప్పటికైనా ఒకటి రాకపోతుందా అన్న ఆశతో, అంతవరకు పులిదొరే ఆ ఉద్యోగాన్ని అదనపు బాధ్యతగా చూస్తున్నాడు. వాళ్ల తాత కాలం నుంచీ ఇన్‌చార్జే. అందుకే ఎవరు ఏ మొర పెట్టుకున్నా "చూద్దాం" అనేవాడు. ఆకలేసినప్పుడు మాత్రం చూద్దాం అనేవాడు కాదు.

సమాజానికి నాటకాలు రాసేది కంటకయ్య అనే ముళ్లపంది. ఒంటినిండా కలాలు మొలిచినవాడికి రాయడం రాకుండా ఎలా ఉంటుందని ఎవరో అన్నారు. అంతే, రచయిత అయిపోయాడు. లోకంలో చాలామంది ఇంతకన్నా గట్టి కారణమేమీ లేకుండానే రచయితలయ్యారు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. అయితే రాయగా రాయగా కంటకయ్యకు నిజంగానే రాయడం వచ్చేసింది. కష్టాలు అక్కణ్ణించే మొదలయ్యాయి.

కంటకయ్యకు ఒక అన్న ఉన్నాడు, శూలయ్య. ఉన్నాడంటే ఏటికి అవతల ఉన్నాడు. కిందటి వేసవిలో అడవి మధ్యనున్న కుంట కట్ట తెగి, నీళ్లన్నీ ఒక్క పూటలో లోయ పాలయ్యాయి. ఆ ఎండల్లో ఎన్నో కూనలు నాలుక పిడచకట్టి చచ్చిపోయాయి. అడవి గగ్గోలు పెడితే విచారణ జరిగింది. కట్టకు బొక్క పడింది, బొక్కలు తవ్వేది ముళ్లపందులు, కాబట్టి తవ్వింది శూలయ్యే అని న్యాయాధికారి ఎలుగుబంటి తీర్పు చెప్పాడు. కళ్లారా చూశానని నక్క సాక్ష్యం చెప్పాడు. శూలయ్యను ఏరు దాటించేశారు.

అమ్మా నాన్నా పోయాక కంటకయ్యను పెంచింది ఆ అన్నే. ఉరుములు ఉరిమితే తమ్ముడు భయపడతాడని బొరియ గుమ్మంలో తనే అడ్డంగా పడుకునేవాడు. ఇప్పుడు ఉరిమినప్పుడల్లా కంటకయ్య గుమ్మం వైపు చూసుకుని ఏడ్చేవాడు. ముళ్లపంది ఏడిస్తే ఓదార్చడానికి దగ్గరికి వచ్చేవాళ్లు కూడా ఉండరు కదా.

ఏటా వానలు తగ్గుముఖం పట్టాక అడవిలో పండుగ జరుగుతుంది. ఆ పండుగకు ఒక పాత ఆచారం ఉంది. నాటకం అయిపోగానే రాజు లేచి "రచయిత ఎవరు?" అని అడగాలి. రచయిత ముందుకొచ్చి తన పేరు చెప్పుకోవాలి. అప్పుడు రాజు అతను కోరిన వరం ఒకటి ఇవ్వాలి. ఇన్నేళ్లూ కంటకయ్య మొహమాటానికి పోయి గంపెడు దుంపలు అడిగి ఊరుకున్నాడు. ఈ ఏడు అడగబోయేది వేరు. అన్న ఇంటికి రావాలి.

ఈ మాట కడుపులో దాచుకుంటే బాగుండేది. పొంగిపోయి సమాజం కార్యదర్శికి చెప్పేశాడు. కార్యదర్శి ఎవరనుకున్నారు? సాక్ష్యం చెప్పిన నక్కే, పేరు జంబుకేశ్వరం. శూలయ్య వెళ్లిపోయాక అతని బొరియ ఖాళీగా పడి పాడైపోతుందేమోనని దయతలచి, జంబుకేశ్వరమే పెళ్లాం పిల్లలతో అందులో కాపురం ఉంటున్నాడు. మూడు గదుల బొరియ. గాలీ వెలుతురూ ఉన్న బొరియ.

"అన్న వస్తే అంతకన్నానా తమ్ముడూ!" అన్నాడు జంబుకేశ్వరం కళ్లు తుడుచుకుంటూ. "కానీ ఒక్కడే కూర్చుని నాటకం రాయడం పాతకాలపు పద్ధతైపోయిందయ్యా. ఇప్పుడంతా సమష్టి రచన. నలుగురం కలిసి రాద్దాం. వరం కూడా నలుగురం కలిసే అడుగుదాం."

"నలుగురూ నాలుగు రకాలుగా అడిగితేనో?" అన్నాడు కంటకయ్య.

"దానికేముంది, ఎక్కువమంది ఏదంటే అది" అన్నాడు నక్క. ఆ బొరియను తన పేర రాయించుకునే వరానికి ఎవరెవరు చెయ్యెత్తుతారో అప్పటికే లెక్క వేసుకున్నాడు.

వరం సంగతి పొక్కగానే అడవిలో రచయితలు పుట్టగొడుగుల్లా లేచారు. తన పేరు తనే సరిగా పలకలేని అడవిదున్న, "నాకు చిన్నప్పట్నుంచీ సాహిత్యమంటే ప్రాణం" అన్నాడు. అడవిపంది కూడా తయారయ్యాడు. కోతి అయితే రెండు కొమ్మల మీద రెండు కాళ్లు పెట్టి వేలాడుతూ మరీ తయారయ్యాడు. న్యాయాధికారి ఎలుగుబంటి, "తీర్పులు రాసి రాసి కల్పన మీద నాకు మంచి పట్టు దొరికింది" అన్నాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

అందరూ కలిసి కూర్చుని ఒక ఇతివృత్తం ఖాయం చేశారు. ఒకరి మొహం ఒకరు ఎరగని కొందరు ఉంటారు. ఎవరి బతుకు వాళ్లు బతుకుతుంటారు. చివరి రంగంలో ఆ బతుకులన్నీ అనుకోకుండా ఒక్కచోట ముడిపడతాయి. ఒక్కో అపరిచితుడి కథ ఒక్కొక్కరు రాయాలి, ఆ వేషం వాళ్లే కట్టాలి. ముడి వేసే చివరి రంగం కంటకయ్య రాయాలి.

అప్పుడు విమర్శకుడు కాకి గొంతు సవరించుకున్నాడు. ఆయన సొంతంగా ఒక్క ముక్కా రాయలేదు కాబట్టి ఆయనంటే అందరికీ గౌరవం. "ఏది రాసినా సొంత అనుభవంలోంచి రాయండి. అనుభవం లేని రచన ఉప్పులేని పప్పు" అన్నాడు.

"మరి అనుభవం బయటపడిపోతే?" అన్నాడు అడవిపంది, ఎందుకో కాస్త కంగారుగా.

"పేర్లు మార్చండి. అప్పుడది కళ అవుతుంది" అన్నాడు కాకి.

ఆ తర్వాత షరతుల గొడవ మొదలైంది. కాపీ కొడతారని ఎవరి రంగం ఎవరికీ చూపించరట. తన రాతలో ఒక్క అక్షరం మార్చినా ఒప్పుకోనని దున్న కొమ్ములు వంచాడు. తనదే ముందుండాలని కోతి, తనది కాకపోతే నాటకమే వద్దని ఎలుగు. అందరూ పల్లకీ ఎక్కేవాళ్లే. చివరికి ఏ హోదా లేనివాడు కాబట్టి, ఎవరి రాతలోనూ అక్షరం మార్చనని మాట తీసుకుని వరుస పెట్టే పని కంటకయ్యకే వదిలేశారు. రంగాలన్నీ చదవడానికి వీలున్నది కూడా అతనొక్కడికే. రంగస్థలం ఖర్చు దగ్గర మాత్రం అందరూ ఒక్క మాట మీదికొచ్చారు. ఐదుగురికి ఐదు అలంకరణలు దండగ, మధ్యలో ఒక మట్టిదిబ్బ పోస్తే అందరికీ సరిపోతుందన్నారు. దాన్ని పోసే పని కూడా కంటకయ్యకే పడింది.

పండుగ దగ్గరపడుతుండగా టేకాకుల మీద రాసిన రంగాలు ఒక్కొక్కటీ చేరాయి. ఒక మధ్యాహ్నం కంటకయ్య బొరియ ముందు కూర్చుని చదవడం మొదలుపెట్టాడు.

దున్న ఒక ఒంటరి ఏనుగు కథ రాశాడు. ఆ ఏనుగుకు వీపు దురద. "ఓ మట్టిగోడా! వేసవి అంతా నీకే రుద్దుకున్నాను. నువ్వు కరిగిపోతున్నా నన్ను వద్దనలేదు!" అని ఏనుగు విలపిస్తుంది. కంటకయ్యకు నవ్వొచ్చింది.

అడవిపంది ఒక పేద కుందేలు కథ రాశాడు. ఆ కుందేలు పొద్దస్తమానం ఒక గట్టు మొదట్లో తుంగగడ్డలు తవ్వుకు తింటుంది. "అడుగు మట్టి ఎంత మెత్తన! తవ్వినకొద్దీ లోపల చెమ్మ తగులుతుంది!" అని పరవశిస్తుంది. కంటకయ్య నవ్వు కొంచెం తగ్గింది.

కోతి ఒక ఉడుత సాహసగాథ రాశాడు. ఆ ఉడుత ఒక రాళ్ల వరుసలోంచి రాళ్లు పీకి తేనెపట్టు మీదికి విసురుతుంది. రాలిన పట్టును ఒక మహానుభావుడికి సమర్పిస్తుంది. ఎలుగుబంటి రాసింది ఒక జ్ఞాని అయిన జింక గురించి. ఎవరో తెచ్చిచ్చిన తేనె నాకుతూ, ఆ తీపి గొంతులో ఉండగానే "ఎవడు చేశాడన్నది మాయ, ఎవడికి అంటగట్టామన్నదే సత్యం" అని ఆ జింక జ్ఞానోదయం పొందుతుంది.

జంబుకేశ్వరం రాసిందే అన్నిటికన్నా బాగుంది. అది ఇల్లులేని ఒక పావురం కథ. ఆ పావురం ఒక తెల్లవారుజామున జరిగిందంతా చూస్తుంది. చూసి, చూడనిదాన్ని చెబుతుంది. ఆ ఒక్క మాటతో దానికి మూడు గదుల గూడు దొరుకుతుంది. "మాటకింత బలముందని తెలియక ఇన్నాళ్లూ పుల్లలేరాను కదా!" అని మురిసిపోతుంది.

కంటకయ్య ఒంటిమీది ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఒకడు గోడన్నాడు, ఒకడు గట్టన్నాడు, ఒకడు రాళ్ల వరుసన్నాడు. ముగ్గురూ చెప్పింది ఆ కుంట కట్ట గురించే. తిలా పాపం తలా పిడికెడు అని, అందరూ పంచుకున్న పాపాన్ని తెచ్చి తన అన్న నెత్తిన పోశారు. వాళ్ల బతుకుల్ని ముడివేయడానికి చివరి రంగంలో తను కల్పించాల్సింది ఏమీ లేదు.

ఫిర్యాదు చేద్దామంటే వినాల్సినవాడు ఎలుగుబంటే. దొరకు చెబుదామంటే "చూద్దాం" అంటాడు. భయం కూడా వేసింది, ఎందుకు వేయదు? అవతలివాళ్లకు కోరలూ కొమ్ములూ ఉన్నాయి. కానీ అన్న గుమ్మంలో అడ్డంగా పడుకున్నప్పుడు బయట ఉరిమే ఉరుములకు ఆయనకూ భయం వేసే ఉంటుంది. లేచి ఆకుల్ని వరుసగా పేర్చాడు. ఒక్క అక్షరం మార్చలేదు. మాట ఇచ్చాడు కదా.

ఆ తర్వాత మట్టిదిబ్బ పోశాడు, సన్నటి రాళ్లు తాపడం చేశాడు. దాని వెనక గుంట తవ్వి, సొరబుర్రలతో వాగు నీళ్లు మోసి మోసి నింపాడు. "ఎందుకయ్యా ఇంత యాతన?" అని అటుగా పోతున్న జంబుకేశ్వరం అడిగితే, "చివరి రంగానికి" అన్నాడు.

పండుగ సాయంత్రం అడవంతా వచ్చింది. ముందు వరసలో రాతి ఆసనం మీద పులిదొర కూర్చున్నాడు. ప్రార్థన గీతం పూర్తయ్యేలోపే కునుకు తీశాడు.

దున్న ముక్కుకు అరటిదొప్ప కట్టుకుని ఏనుగులా వచ్చాడు. సంభాషణ మరిచిపోయాడు కానీ, మట్టిదిబ్బ కనపడగానే వీపు దురద గుర్తొచ్చింది. కళ్లు అరమోడ్చి రుద్దుకుంటుంటే దిబ్బ పైభాగం జలజలా రాలింది. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత ఆకుల చెవులు పెట్టుకుని అడవిపంది వచ్చాడు. నటనలో లీనమై మొదలంతా పెకలించేశాడు. కోతి వచ్చాడు. దిబ్బలోంచి ఒక రాయి పీకాడు, రెండోది పీకాడు. చప్పట్లు ఎక్కువయ్యేసరికి ఊరుకుంటాడా, మూడోది పీకాడు.

దిబ్బ తెగింది.

వెనక నీళ్లు భళ్లున దూకి రంగస్థలం దిగి, ముందు వరసల్లో కూర్చున్న జింకల గిట్టల మధ్యలోంచి పారి, ఇసకలోకి ఇంకిపోయాయి. చప్పట్లు ఆగిపోయాయి. ఏ జింకా కదల్లేదు. అలా ఇంకిపోయే నీళ్లను అవి కిందటి వేసవిలో ఒకసారి చూశాయి.

ఎలుగుబంటికి ఏదో తేడాగా అనిపించింది కానీ, తన రంగం వదులుకోబుద్ధి కాలేదు. తేనె నాకుతూ జ్ఞానోదయం పొందాడు. చివర్న రెండు తెల్లటి ఈకలు తోకకు కట్టుకుని జంబుకేశ్వరం వచ్చాడు. జనం మొహాలు చూశాడు, తడిసిన ఇసక చూశాడు. ఇక్కడ ఆపేయాల్సిందని తెలివి చెప్పింది. తన వాక్యాలు చాలా బాగున్నాయని రచయిత చెప్పాడు. రచయితే గెలిచాడు. "మాటకింత బలముందని తెలియక..." అంటూ ఆఖరిదాకా, భావయుక్తంగా చెప్పేశాడు.

వెనక వరసలోంచి ఒక లేడి లేచింది. కిందటి వేసవిలో దాని కూన ఎండిన కుంటలో మట్టి నాకుతూ చచ్చిపోయింది.

"ఇందులో శూలయ్య ఎక్కడున్నాడు?" అంది.

"కట్ట శూలయ్య తెంపాడన్నారుగా. నాటకమంతా చూశాను, అతను ఎక్కడా రాలేదే!" అంది మళ్లీ.

తడిసిన పంజాకు చలేసి పులిదొరకు మెలకువ వచ్చింది. చూస్తే అడవంతా తనవైపే చూస్తోంది. ఏమైందో తెలియనప్పుడు ఆచారం పాటించడం క్షేమమని ఇన్‌చార్జిలకు పుట్టుకతోనే తెలుసు. లేచి, "రచయిత ఎవరు?" అన్నాడు.

పేరు ముందుండాలని తన్నుకున్నవాళ్లు ఒకరి వెనక ఒకరు నక్కారు.

"నాకు అక్షరమ్ముక్క రాదు దొరా" అన్నాడు దున్న. ఆ ఒక్కటీ నిజమే.

"రాసిచ్చారు, చెప్పాను. నేను ఉత్త నటుణ్ణి" అన్నాడు కోతి.

"నేను అసలు గడ్డలే తినను!" అన్నాడు అడవిపంది, ఎవరూ అడక్కుండానే. గుమ్మడికాయల దొంగకు భుజాలు తడుముకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

"న్యాయమూర్తులు నాటకాలు రాయరాదు" అని ఎలుగుబంటి తేనె మూతి తుడుచుకున్నాడు.

"దొరా, నేను ఉత్త కార్యదర్శిని" అన్నాడు జంబుకేశ్వరం చేతులు కట్టుకుని. "రాసింది, కూర్చింది, మట్టి పోసింది, నీళ్లు మోసింది, అన్నీ కంటకయ్యే. మొత్తం నాటకానికి అతనొక్కడే కర్త. కావాలంటే తీర్మానం చేస్తాం."

చేశారు. ఆ సమాజం చరిత్రలో ఏకగ్రీవంగా నెగ్గిన తీర్మానం అదొక్కటే.

కంటకయ్య ముందుకొచ్చాడు. "అవును దొరా, నేనే రాశాను. నా పేరు కంటకయ్య. మా అన్న శూలయ్య ఇంటికి రావాలి. అదే నా వరం" అన్నాడు.

లేళ్లూ కుందేళ్లూ ఒక్కసారిగా కేకలు పెట్టాయి. అంత గోలలో "చూద్దాం" అనడం కుదరదని పులిదొరకు అర్థమైంది. "ఇచ్చాను" అన్నాడు.

జంబుకేశ్వరానికి మూడు గదులూ కళ్లముందు గిర్రున తిరిగాయి. చటుక్కున ఎలుగుబంటి చెవిలో ఏదో ఊదాడు. ఎలుగుబంటి గొంతు పెంచాడు.

"దొరా, చిన్న ధర్మసందేహం. కట్ట ఎలా తెగిందో ఇంత వివరంగా రాశాడంటే, తెగేటప్పుడు ఇతను అక్కడ ఉండే ఉండాలి. కట్ట తెగేచోట ఉన్న ముళ్లపందిని ఏం చేయాలో పాత తీర్పులో ఉంది."

"అయ్యా, రాసింది వాళ్లు..." అన్నాడు కంటకయ్య.

"ఇప్పుడేగా నువ్వే రాశానన్నావు?" అన్నాడు ఎలుగుబంటి.

పులిదొర మొహం విప్పారింది. ఇటు వరమూ పోకుండా, అటు తీర్పూ పోకుండా దారి దొరికింది. "వరం వరమే, శిక్ష శిక్షే. అన్న ఇటు, తమ్ముడు అటు. అందరికీ న్యాయం జరిగింది" అని ఒకసారి తీరిగ్గా ఆవులించాడు. ఆ ఆవులింతలో కోరలన్నీ కనపడేసరికి, కేకలు పెట్టిన గొంతులు అణిగిపోయాయి. లేడి ఒక్కతే తల దించకుండా నిలబడింది. ఒక్కతే కాబట్టి దాన్ని ఎవరూ చూడలేదు.

మర్నాడు పొద్దున్న కంటకయ్యను ఏట్లోకి దింపారు. ఏటి నడుమ ఇసకతిన్నె మీదికి చేరేసరికి, ఎదురుగా శూలయ్య వస్తున్నాడు. చిక్కిపోయాడు, ముళ్లు నెరిశాయి. తమ్ముణ్ణి చూసి పరుగెత్తబోయి, ముళ్లు గుచ్చుకుంటాయని ఆగాడు.

"ఏరా, నన్ను రమ్మన్నారు. నువ్వెటు?"

"నన్ను పొమ్మన్నారన్నా."

"ఏం చేశావురా?"

"నాటకం రాశాను."

"బాగా రాలేదా?"

"బాగా వచ్చింది. అందుకే."

శూలయ్య ఇవతలి ఒడ్డు వైపు చూశాడు. తను పుట్టిన నేల, తను తవ్విన బొరియ. అక్కడ గట్టు మీద జంబుకేశ్వరం సంసారం సామాను బయట పెట్టుకుని దిగాలుగా నిలబడి ఉంది. కాసేపు చూసి, వచ్చిన దారికే తిరిగాడు.

"ఇల్లన్నా? నీ ఇల్లు..." అన్నాడు కంటకయ్య.

"ఉరుములు నువ్వున్న వైపు కూడా ఉరుముతాయి కదరా" అన్నాడు శూలయ్య. కంటకయ్య భోరున ఏడ్చాడు. ముళ్లు గుచ్చుకుంటే గుచ్చుకున్నాయని ఈసారి శూలయ్య దగ్గరికే వచ్చాడు.

జంబుకేశ్వరం సామాను మళ్లీ లోపల సర్దుకున్నాడు. మరుసటి ఏడు వానలొచ్చాయి, కట్ట మళ్లీ పోశారు, కుంట నిండింది. వేసవి వచ్చింది. దున్నకు దురద పుట్టింది, పందికి గడ్డలు గుర్తొచ్చాయి, కోతికి తేనె కావాల్సి వచ్చింది. కట్ట మళ్లీ తెగింది.

నేరం చేయడానికి ఇవతలి ఒడ్డున ఒక్క ముళ్లపందీ లేకపోవడం విచారణకు పెద్ద ఇబ్బంది అయింది. ఎలుగుబంటి బాగా ఆలోచించాడు. "ముళ్లపంది బొరియలో ఉండేది ముళ్లపందే" అన్నాడు.

"నాకు ముళ్లేవండీ?" అని జంబుకేశ్వరం గోలపెట్టాడు.

"దాచావు" అన్నాడు ఎలుగుబంటి. దున్న, పంది, కోతి ముగ్గురూ కలిసి సాక్ష్యం రాసిచ్చారు. అందులో ఒక్క అక్షరం కూడా మార్చడానికి వీల్లేదన్నారు.

తడిసి ముద్దై అవతలి ఒడ్డెక్కిన జంబుకేశ్వరానికి ముందుగా కనపడింది శూలయ్యే. "బాబూ, నేను ఏ పాపం ఎరగను. కట్ట నేను తెంపలేదు" అని కాళ్ల మీద పడ్డాడు.

"తెలుసు, కూర్చో" అన్నాడు శూలయ్య. "కట్ట తెంపినవాళ్లెవరూ ఈ ఒడ్డుకు రారు."

నీతి: నలుగురూ కలిసి అబద్ధం రాస్తే అది తీర్పు, నలుగురూ కలిసి నిజం రాస్తే అది ఎవడో ఒక్కడు రాసిందే.